స్టడీగ్రామ్

స్టడీగ్రామ్ అనగా పుస్తకాలు, చేతితో వ్రాసిన నోట్సు, చదువుకొనే బల్ల, దీపం, కలాలు మొదలైనవాటిని కంటికి ఇంపుగా అమర్చి, ఫొటోలు గానీ చిన్న వీడియోలు గానీ తీసి సామాజిక మాధ్యమాలలో ఉంచే పద్ధతి. ఇటువంటి చిత్రాల కోసమే ప్రత్యేకంగా నడిపే ఖాతాను కూడా స్టడీగ్రామ్ అనే పిలుస్తారు. వీటిని తయారుచేసేవారు ఎక్కువగా ఉన్నత పాఠశాల, కళాశాల విద్యార్థులు, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు. చూసేవారు కూడా ప్రధానంగా వారే.

ఈ చిత్రాలలో పాఠం కంటే పాఠం చదివే వాతావరణానికి ప్రాధాన్యం ఎక్కువ. చూసేవారిలో చాలామంది ఆ నోట్సులోని అక్షరాలను చదవరు. ఫొటో తీసిన దూరానికి అవి చాలాసార్లు చదవడానికి వీలుగా కూడా ఉండవు. అయినప్పటికీ ఆ చిత్రాన్ని చూడగానే తామూ పుస్తకం తీయాలనిపిస్తుందని విద్యార్థులు చెబుతుంటారు. ఆ కోరిక నిజమైనదే. అది పుస్తకం తెరిచేదాకా తీసుకువెళ్తుందా, లేక మరో చిత్రం చూడడంతోనే తీరిపోతుందా అన్నదానిపై ఈ చిత్రాల మంచిచెడ్డలు ఆధారపడి ఉన్నాయి.

పేరు

"స్టడీ", "ఇన్‌స్టాగ్రామ్" అనే రెండు మాటల కలయిక వలన స్టడీగ్రామ్ అనే పేరు వచ్చింది. దీనికి ముందే టంబ్లర్ అనే మాధ్యమంలో "స్టడీబ్లర్" అనే మాట వాడుకలో ఉన్నది. యూట్యూబులో వచ్చేవాటిని "స్టడీట్యూబ్" అంటారు. దక్షిణ కొరియాలో "గోంగ్‌స్టాగ్రామ్" అంటారు. కొరియా భాషలో "గోంగ్బు" అంటే చదువు.

ఈ చిత్రాలను వర్ణించేటప్పుడు యువతరం తరచుగా వాడే మాట "ఈస్తటిక్". ఇంద్రియాలతో గ్రహించడం అనే అర్థమున్న గ్రీకు పదం నుండి ఈ మాటను 18వ శతాబ్దిలో జర్మన్ తత్త్వవేత్త అలెగ్జాండర్ బౌమ్‌గార్టెన్ ఒక శాస్త్రానికి పేరుగా స్థిరపరచాడు. తెలుగులో దానిని సౌందర్యశాస్త్రం అంటున్నాము. నేటి సామాజిక మాధ్యమాలలో ఈ మాటకు అంత లోతైన అర్థం లేదు. రంగులు, వస్తువులు, వెలుతురు అన్నీ ఒకే మనఃస్థితిని సూచించేలా కుదిరితే దానిని "ఈస్తటిక్" అనేస్తున్నారు.

చిత్రాల స్వరూపం

స్టడీగ్రామ్ చిత్రాలను వెయ్యింటిలో ఒకదాన్నైనా సులభంగా గుర్తుపట్టవచ్చు. ఫొటోను సాధారణంగా బల్లకు పైనుండి నిటారుగా కిందికి చూస్తూ తీస్తారు. బల్ల తెల్లగా గానీ, లేత చెక్క రంగులో గానీ ఉంటుంది. ఒక పక్క కిటికీ నుండి పగటి వెలుతురు పడుతుంది. మధ్యలో తెరిచిన నోటుపుస్తకం, దానిపై కుంచెతో దిద్దినట్లున్న పెద్ద శీర్షిక, దాని కింద చిన్న గుండ్రని అక్షరాలు, రెండు మూడు లేత రంగుల హైలైటర్ గీతలు ఉంటాయి. చుట్టూ కాఫీ కప్పు, చిన్న కుండీలో ఒక మొక్క, వరుసగా పేర్చిన కలాలు, రంగుల కాగితపు టేపు, కొన్నిసార్లు టాబ్లెట్ కంప్యూటర్ కనిపిస్తాయి. ఎన్ని గంటలు చదివారో చూపే గడియారం తెర కూడా ఈమధ్య తప్పనిసరి అయింది.

ఈ చిత్రాలలో కనిపించనివాటిని కూడా గమనించాలి. కొట్టివేతలు ఉండవు. సిరా మరకలు, చార్జర్ తీగలు, చిరిగిన పేజీలు, అదే గదిలో టీవీ చూస్తున్న కుటుంబ సభ్యులు ఉండరు. తప్పు చేసిన లెక్క అసలే ఉండదు. తెలుగునాట బడులలో రఫ్ నోట్సు, ఫెయిర్ నోట్సు అని రెండు రకాలు ఉండడం అందరికీ తెలిసినదే. స్టడీగ్రామ్ అనేది పూర్తిగా ఫెయిర్ నోట్సు లోకం.

రంగులను, వస్తువులను బట్టి వీటిలో కొన్ని శాఖలు ఏర్పడ్డాయి. పాత గ్రంథాలయాలు, తోలు అట్టల పుస్తకాలు, గోధుమ నలుపు రంగుల దుస్తులు, కొవ్వొత్తి వెలుతురు కలిసిన శాఖను "డార్క్ అకాడెమియా" అంటారు. అమెరికన్ రచయిత్రి డోనా టార్ట్ 1992లో వెలువరించిన "ది సీక్రెట్ హిస్టరీ" అనే నవలను ఈ శాఖవారు తమ మూలగ్రంథంగా భావిస్తారు. ఆ నవలలో ప్రాచీన గ్రీకు భాష చదివే విద్యార్థులు ఒక హత్యకు పాల్పడతారు. ఆ కథను విడిచిపెట్టి అందులోని వాతావరణాన్ని మాత్రమే స్వీకరించడం విచిత్రమే. ఇదే పద్ధతిని లేత రంగులతో, పగటి వెలుగుతో చూపితే "లైట్ అకాడెమియా" అంటారు.

చరిత్ర

టంబ్లర్‌ను 2007లో డేవిడ్ కార్ప్ ప్రారంభించాడు. ఒకరు ఉంచిన చిత్రాన్ని మరొకరు ఒక్క నొక్కుతో తమ పేజీలోకి తెచ్చుకొనే వీలు అందులో ఉండడం వలన ఒకే అభిరుచి గలవారు గుంపులుగా ఏర్పడ్డారు. 2010 దశకం మధ్యలో స్టడీబ్లర్ ఖాతాలు విస్తారంగా వెలిశాయి. నోట్సు ఫొటోలతోపాటు చదువు ప్రణాళికలు, పరీక్షల ముందు పాటించవలసిన సూచనలు కూడా వీటిలో ఉండేవి. తొలినాటి స్టడీబ్లర్‌లో మాటలు ఎక్కువ, బొమ్మలు తక్కువ అని చెప్పవచ్చు.

2010 అక్టోబరులో మొదలైన ఇన్‌స్టాగ్రామ్ ఈ పాళ్ళను తలకిందులు చేసింది. అందులో ముందు కనబడేది బొమ్మ. వ్యాఖ్య దాని కింద ఒదిగి ఉంటుంది. 2015 వరకు ఇన్‌స్టాగ్రామ్ చతురస్రాకారపు ఫొటోలనే అనుమతించేది. బల్లను పైనుండి చూపే అమరికకు ఆ ఆకారం చక్కగా సరిపోయింది. తరువాత నిలువు ఫొటోలు, చిన్న వీడియోలు వచ్చినా ఈ అమరిక మాత్రం నిలిచిపోయింది.

దక్షిణ కొరియాలో ఈ పద్ధతి వేరే దారిలో పెరిగింది. అక్కడ గంటల తరబడి ఎవరో ఒకరు మౌనంగా చదువుకుంటూ ఉండే ప్రత్యక్ష ప్రసారాలకు ఆదరణ లభించింది. అందులో మాటలుండవు; పేజీ తిప్పిన చప్పుడు, కలం గీతల చప్పుడు మాత్రమే వినిపిస్తాయి. ఇటువంటివి తరువాత "స్టడీ విత్ మీ", అనగా "నాతో కలిసి చదవండి" అనే పేరుతో అన్ని దేశాలకూ పాకాయి. చాలా వీడియోలలో 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం అనే లెక్క పాటిస్తారు. ఇది ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980 దశకం చివర రూపొందించిన పొమొడోరో పద్ధతి. పొమొడోరో అంటే ఇటాలియన్ భాషలో టమాటా. ఆయన వాడిన వంటింటి గడియారం టమాటా ఆకారంలో ఉండేది.

ఈ కోవలో బాగా ప్రసిద్ధి చెందినది నిజమైన మనిషి కాదు, బొమ్మ. ఫ్రాన్సుకు చెందిన "లోఫై గర్ల్" అనే యూట్యూబ్ చానల్‌లో చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని, కిటికీ పక్కన కూర్చొని ఒక అమ్మాయి వ్రాసుకుంటూ ఉంటుంది. వెనుక మెల్లని సంగీతం సాగుతుంటుంది. తొలుత ఈ చానల్ "విస్పర్ ఆఫ్ ది హార్ట్" (1995) అనే జపాన్ యానిమేషన్ చిత్రంలోని అమ్మాయి దృశ్యాన్ని వాడుకున్నది. తరువాత కొలంబియాకు చెందిన చిత్రకారుడు హువాన్ పాబ్లో మచాడో గీసిన బొమ్మ దాని స్థానంలో వచ్చింది. చానల్ అసలు పేరు "చిల్డ్‌కౌ". 2021లో ఆ బొమ్మ పేరే చానల్‌కు పేరయింది. ఆ అమ్మాయి ఏమి వ్రాస్తున్నదో ఎవరికీ తెలియదు, ఆమె వ్రాత ఎప్పటికీ పూర్తి కాదు.

2020లో కోవిడ్ వలన ప్రపంచమంతటా బడులు, గ్రంథాలయాలు మూతపడినప్పుడు ఈ చిత్రాలకు, వీడియోలకు కొత్త అవసరం ఏర్పడింది. తరగతి గది లేని విద్యార్థికి తెరపై కనిపించే బల్లే తరగతి గది అయింది. డార్క్ అకాడెమియా కూడా ఆ సంవత్సరంలోనే విస్తృతంగా వ్యాపించింది. కళాశాలలోకి అడుగుపెట్టే వీలులేని రోజులలో కళాశాల వాతావరణాన్ని బొమ్మలలో వెదుక్కోవడం సహజమే.

పూర్వరూపాలు

చదువుకొనే చోటును అందంగా చిత్రించడం ఇంటర్నెట్‌తో పుట్టినది కాదు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో చెక్కిన ఒక చిత్రంలో సెయింట్ జెరోమ్ తన గదిలో వ్రాసుకుంటూ ఉంటాడు. కిటికీ గాజు గుండా పడుతున్న ఎండ, వరుసగా ఉంచిన పుస్తకాలు, ప్రశాంతంగా పడుకున్న సింహం అందులో కనిపిస్తాయి. సింహాన్ని పిల్లిగా మార్చితే నేటి స్టడీగ్రామ్‌కు పెద్ద తేడా ఉండదు.

కొరియాలో "చేక్‌గొరి" అనే చిత్రకళ ఉన్నది. పుస్తకాలు, సిరాబుడ్లు, కుంచెలు, పూలకుండీలు అమర్చిన అల్మారాలను మడత తెరలపై చిత్రించడం దీని ప్రత్యేకత. 18వ శతాబ్ది చివర జోసోన్ వంశపు రాజు జోంగ్‌జో దీనిని ప్రోత్సహించాడు. పుస్తకప్రియుడైన ఆ రాజు సింహాసనం వెనుక కూడా చేక్‌గొరి తెరను పెట్టించాడని చెబుతారు. రాజసభ నుండి ఈ కళ క్రమంగా సంపన్నుల ఇళ్ళకు, ఆపై సామాన్యుల ఇళ్ళకు చేరింది. చదివే తీరిక లేనివారు, పుస్తకాలు కొనే స్తోమతు లేనివారు కూడా పుస్తకాల బొమ్మను గోడకు పెట్టుకున్నారు. గోంగ్‌స్టాగ్రామ్ పుట్టిన దేశంలోనే చేక్‌గొరి కూడా పుట్టడం గమనార్హం.

మన దేశంలో చదువు వస్తువుల పట్ల ఉన్న భావన అందం కంటే భక్తికి దగ్గరగా ఉంటుంది. దేవీ నవరాత్రులలో మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజలో పుస్తకాలు, కలాలు పెట్టి పసుపు కుంకుమ అద్దడం తెలుగువారి ఇళ్ళలో ఆచారం. పూజలో పెట్టిన పుస్తకాన్ని ఉద్వాసన చెప్పేవరకు చదవకూడదంటారు. చదువు బెడద లేకుండా పుస్తకాన్ని కళ్ళారా చూసుకొనే రోజు కనుక పిల్లలకు అది ఎంతో ఇష్టమైన పండుగ. జూన్ నెలలో బడి తెరిచినప్పుడు కొత్త పుస్తకాలకు గోధుమ రంగు కాగితంతో అట్టలు వేసి, లేబుల్ అంటించి, గుండ్రని అక్షరాలతో పేరు వ్రాసుకోవడం, పేజీల మధ్య నెమలీక దాచుకోవడం కూడా ఇటువంటి ఆనందమే. "పుస్తకం హస్తభూషణం" అనే నానుడి అందరికీ తెలిసినదే. ఆ మాటను అక్షరాలా పాటిస్తున్నది స్టడీగ్రామ్ అనవచ్చు.

ఆకర్షణకు కారణాలు

చదువు కంటికి కనబడని పని. నేతగాడు సాయంత్రానికి ఎంత గుడ్డ నేశాడో చూసుకోగలడు. వంట చేసినవారికి వంటకం కనబడుతుంది. ఆరు గంటలు చదివిన విద్యార్థికి ఆ రాత్రి చూసుకోవడానికి ఏమీ మిగలదు. చదివినది వచ్చిందో లేదో నెలల తరువాత పరీక్షలో గానీ తెలియదు. రంగులతో నిండిన ఒక పేజీ ఈ లోటును తీరుస్తుంది. అది ఆనాటి కష్టానికి ఆనాడే చేతికి వచ్చిన కూలి వంటిది. స్టడీగ్రామ్ ఆకర్షణలో ఎక్కువ భాగాన్ని ఈ ఒక్క కారణంతోనే వివరించవచ్చు.

రెండవది క్రమం. ప్రశ్నపత్రం, కటాఫ్ మార్కులు, పోటీకి వచ్చేవారి సంఖ్య ఇవేవీ విద్యార్థి చేతిలో లేవు. బల్ల సర్దుకోవడం, కలాలు వరుసలో పెట్టుకోవడం, వారానికి ప్రణాళిక గీసుకోవడం మాత్రం చేతిలో ఉన్నాయి. పరీక్షలు దగ్గరపడేకొద్దీ గది సర్దాలనే కోరిక పెరగడం చాలామందికి అనుభవమే. చక్కగా సర్దిన ఇతరుల బల్లను చూసినా ఆ నెమ్మది కొంత కలుగుతుంది.

మూడవది తోడు. రాత్రి ఒంటరిగా చదువుకొనేవారికి తెరపై మరొకరు కూడా చదువుతుండడం ధైర్యాన్నిస్తుంది. ఇతరుల సమక్షం పనిపై చూపే ప్రభావం మనస్తత్వశాస్త్రంలో పాత విషయమే. సైకిల్ పందెగాళ్ళు ఒంటరిగా కంటే పోటీలో వేగంగా తొక్కుతారని అమెరికన్ పరిశోధకుడు నార్మన్ ట్రిప్లెట్ 1898లో వ్రాశాడు. 1965లో రాబర్ట్ జయాంక్ ఈ విషయంలో ఒక ముఖ్యమైన భేదాన్ని చూపించాడు. బాగా అలవాటైన పనికి ఇతరుల సమక్షం సాయపడుతుంది. ఇంకా పట్టుబడని కొత్త పనికి ఆటంకమవుతుంది. దీనిని బట్టి చూస్తే, తెలిసిన పాఠాన్ని తిరగేయడానికి "నాతో కలిసి చదవండి" వీడియో తోడుగా ఉండవచ్చు గానీ, మొదటిసారి కలన గణితం నేర్చుకొనేటప్పుడు అదే తోడు అంతగా ఉపకరించకపోవచ్చు.

మరొక కారణాన్ని పెద్దలు సాధారణంగా గుర్తించరు. ఎక్కువగా చదివే పిల్లలను తోటివారు "పుస్తకాల పురుగు" అని వెక్కిరించడం అన్ని బడులలోనూ ఉన్నదే. స్టడీగ్రామ్ చదువుకు యువతరం మధ్య ఒక హుందాతనాన్ని తెచ్చింది. సినిమా తారల ఫొటోలు, విహారయాత్రల ఫొటోలు నిండిన చోట రసాయన శాస్త్రం నోట్సు ఫొటోకు కూడా వేలమంది మెచ్చుకోలు దొరుకుతున్నది. దీనిని తక్కువగా చూడరాదు.

చివరగా, ఈ చిత్రాలు ఒక వ్యక్తిత్వాన్ని ఇస్తాయి. "నేను ఇటువంటి విద్యార్థిని" అని చెప్పుకోవడానికి ఒక బొమ్మ చాలు. చిక్కు కూడా ఇక్కడే ఉన్నది. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో న్యాయశాస్త్ర విద్యార్థులను పరిశీలించారు. బాగా చదివి న్యాయవాదులం కావాలనే తమ సంకల్పాన్ని మరొకరు గుర్తించినవారు, గుర్తించనివారి కంటే ఆ తరువాత ఇచ్చిన కేసులపై తక్కువ సమయం పనిచేశారు. కాబోయే మనిషిగా నలుగురి గుర్తింపు ముందే లభిస్తే, ఆ మనిషి కావడానికి చేయవలసిన పనిపై పట్టు కొంత సడలుతుందని వారి వాదన.

చదువుపై ప్రభావం

అందమైన నోట్సు వలన చదువు బాగా వస్తుందా అనే ప్రశ్నకు స్టడీగ్రామ్‌ల గురించి కాకపోయినా, నోట్సు, హైలైటర్ల గురించి పరిశోధనలు ఉన్నాయి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో జరిపిన ప్రయోగం వీటిలో ప్రసిద్ధమైనది. విద్యార్థులకు ఒక గద్యభాగాన్ని ఇచ్చి చదివించారు. ఆపై కొందరు దానినే మళ్ళీ చదివారు. మరికొందరు దానిని పక్కన పెట్టి గుర్తున్నంత వ్రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారికే ఎక్కువ గుర్తున్నది. ఒక వారం తరువాత పరీక్షిస్తే ఫలితం తారుమారైంది: మళ్ళీ చదివినవారికి 42 శాతం, చూడకుండా వ్రాసినవారికి 56 శాతం గుర్తున్నది. అదే పరిశోధనలోని రెండవ ప్రయోగంలో, పలుమార్లు చదివినవారికే తమకు బాగా గుర్తుంటుందనే నమ్మకం ఎక్కువగా ఉన్నది. కళ్ళకు తేలికగా ఆనిన పాఠం మనసుకూ పట్టినట్లు అనిపిస్తుంది. ఆ అనుభూతిని నమ్మి మోసపోవడం తెలివైన విద్యార్థులలో కూడా కనిపిస్తుంది.

2013లో జాన్ డన్‌లోస్కీ, మరి నలుగురు పరిశోధకులు విద్యార్థులు వాడే పది చదువు పద్ధతులను సమీక్షించారు. గీతలు గీయడం, హైలైట్ చేయడం, మళ్ళీ మళ్ళీ చదవడం తక్కువ ఉపయోగకరమైనవిగా తేల్చారు. తమను తాము పరీక్షించుకోవడం, చదువును కొన్ని రోజులకు విడగొట్టి చదవడం ఎక్కువ ఉపయోగకరమైనవని తేల్చారు. ఇక్కడ ఒక విషయం స్పష్టమవుతుంది. తక్కువ ఉపయోగకరమైన పద్ధతులు ఫొటోకు అందంగా ఉంటాయి. పుస్తకం మూసి, కళ్ళు మూసుకొని గుర్తుచేసుకుంటున్న విద్యార్థిని ఫొటో తీస్తే అతను నిద్రపోతున్నట్లు కనబడుతుంది. చూడకుండా వ్రాసిన కాగితం కొట్టివేతలతో, ఖాళీలతో నిండి ఉంటుంది. దానిని ఎవరూ ఫొటో తీసి పెట్టరు. అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ బ్యోర్క్ ఇటువంటి పనిలోని ఇబ్బందినే "కోరదగిన కష్టం" అన్నాడు.

చదువు సాధనాలు ఫొటోలోకి వచ్చేటప్పుడు ఎలా మారిపోతాయో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్టర్ పాక్ ఒక నోట్సు పద్ధతిని రూపొందించి, విద్యార్థుల కోసం వ్రాసిన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చాడు. పేజీని నిలువుగా రెండుగా విభజించి, కుడివైపు వెడల్పు భాగంలో పాఠాన్ని, ఎడమవైపు సన్నని భాగంలో ప్రశ్నలను, గుర్తుపదాలను వ్రాయాలి. పేజీ అడుగున సారాంశం ఉంటుంది. అసలు పని ఆ తరువాత ఉన్నది. కుడివైపు భాగాన్ని ఒక కాగితంతో మూసి, ఎడమవైపు ప్రశ్నలను చూస్తూ పాఠాన్ని పైకి చెప్పుకోవాలి. స్టడీగ్రామ్‌లలో కార్నెల్ నోట్సు తరచుగా కనబడుతుంది. ఎడమ గళ్ళకు రంగులు, అంచులకు పూలు ఉంటాయి. మూసి చెప్పుకొనే ఘట్టం మాత్రం ఎక్కడా కనబడదు, ఎందుకంటే మూసిన పేజీలో చూపడానికి ఏమీ లేదు.

రెండవది "బుల్లెట్ జర్నల్". ఏకాగ్రత లోపంతో బాధపడిన రైడర్ క్యారల్ అనే డిజైనర్ తన కోసం తయారుచేసుకొని 2013లో లోకానికి పరిచయం చేసిన దినచర్య పద్ధతి ఇది. చేయవలసిన పనికి ఒక చుక్క, సంఘటనకు ఒక సున్న, గమనికకు ఒక అడ్డగీత అంతే. ఏ కలమైనా, ఏ పుస్తకమైనా సరిపోతుంది. కొద్ది సంవత్సరాలలోనే ఇది చిత్రలేఖనంగా మారి, ఒక వారపు పేజీని అలంకరించడానికే ఒక పూట పట్టే స్థితికి వచ్చింది.

అయితే ఫెయిర్ నోట్సు వ్రాయడమంతా వృథా అనుకోరాదు. నాలుగు పుస్తకాలు చూసి, ఏది ముఖ్యమో నిర్ణయించి, సొంత మాటలలో క్రోడీకరించి వ్రాసినవారికి ఆ నిర్ణయాల వలననే సగం పాఠం వస్తుంది. నష్టం కలిగేది ఉన్నదానిని ఉన్నట్లు అందంగా దించుకొన్నప్పుడు మాత్రమే. పరీక్షలో పరిశుభ్రంగా వ్రాసే అలవాటుకు కూడా మార్కులు రావడం అందరూ ఎరిగినదే. ముత్యాల్లాంటి అక్షరాలను మెచ్చుకోని ఉపాధ్యాయుడు ఉండడు. ఆ అక్షరాల వెనుక అర్థం తెలిసి వ్రాశాడా అని మరునాడు ఒక ప్రశ్న వేయడం కూడా ఉపాధ్యాయుని పనే. స్టడీగ్రామ్‌లో ఆ రెండవ పని చేసేవారు లేరు.

పోల్చుకోవడం వలన కలిగే బాధ మరొకటి. మనిషి తన శక్తిని కొలుచుకోవడానికి సరైన కొలబద్ద లేనప్పుడు తోటివారితో పోల్చుకుంటాడని లియాన్ ఫెస్టింగర్ 1954లో ప్రతిపాదించాడు. ఎంత చదివితే చాలు అనేదానికి కొలబద్ద లేదు కనుక, "ఈరోజు 12 గంటలు" అని చూపే గడియారం తెర ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఆ పన్నెండు గంటలలో ఎంత వచ్చిందో ఆ తెర చెప్పదు. ఐదు గంటలు శ్రద్ధగా చదివిన విద్యార్థి దానిని చూసి తాను సోమరినని అనుకొనే ప్రమాదం ఉన్నది. మెచ్చుకోళ్ళ సంఖ్య కనబడకుండా దాచుకొనే వీలును ఇన్‌స్టాగ్రామ్ 2021లో కల్పించింది గానీ, గంటల పోటీకి అది మందు కాదు. పైగా ఈ చిత్రాలన్నీ ఉండేది ఫోనులోనే. చదువు మీద ఉత్సాహం తెచ్చే బొమ్మకూ, చదువు మాన్పించే వినోదానికీ మధ్య దూరం ఒక్క వేలి కదలిక.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ తన చిన్న వీడియోల సదుపాయాన్ని ఇక్కడ ప్రవేశపెట్టింది. చదువు వీడియోలు కూడా అందులోకి చేరాయి. భారతీయ స్టడీగ్రామ్‌లలో అధిక భాగం పోటీ పరీక్షల చుట్టూ తిరుగుతాయి. నీట్ అభ్యర్థుల బల్లమీద స్టెతస్కోపు, సివిల్ సర్వీసుల అభ్యర్థుల గోడమీద ముస్సోరీలోని లాల్ బహదూర్ శాస్త్రి జాతీయ పరిపాలనా అకాడమీ ఫొటో, భారతదేశ పటం కనిపిస్తాయి. పాశ్చాత్య స్టడీగ్రామ్‌లో చదువు ఒక జీవన శైలి. ఇక్కడ అది ఒక మొక్కు. ర్యాంకు సాధించినవారి చేతివ్రాత నోట్సుకు ఫొటోస్టాట్ దుకాణాలలో ఉన్న గిరాకీయే ఈ చిత్రాలకూ వచ్చింది.

తెలుగు విద్యార్థుల పరిస్థితి కొంత భిన్నమైనది. రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలలో ఫోన్లు సాధారణంగా అనుమతించరు కనుక అక్కడి ఇంటర్ విద్యార్థులు వీటిని సెలవులకు ఇంటికి వచ్చినప్పుడే చూడగలరు. గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు చదివేవారు అద్దెగదులలో, హాస్టళ్ళలో ఉంటారు. హైదరాబాదులోని అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలు ఇటువంటివారితో నిండి ఉంటాయి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో హాలు చాలక ఆవరణలో కూడా కూర్చొని చదువుకొనేవారున్నారు. ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్ళో అట్ట, పక్కన నీళ్ళ సీసా, మధ్యాహ్నానికి టిఫిన్ బాక్సు ఇవే వారి చదువు బల్ల.

తెలుగులో వ్రాసిన నోట్సు స్టడీగ్రామ్‌లలో అరుదుగా కనబడుతుంది. తెలుగు మాధ్యమంలో పోటీ పరీక్షలకు చదివేవారు కూడా శీర్షికలను ఆంగ్లంలోనే అలంకరిస్తుంటారు. కుంచె అక్షరాలు నేర్పే వీడియోలు ఎక్కువగా ఆంగ్ల లిపికి సంబంధించినవి కావడం ఒక కారణం. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉండడం వలన పంక్తుల మధ్య ఎడం ఎక్కువ కావాలి; చుక్కల నోటుపుస్తకంలో అది ఇమడదు. అయినా గుండ్రని తెలుగు లిపి ఈ పనికి ఎంతో అనువైనదని, ఎవరైనా పూనుకుంటే చక్కగా రాణిస్తుందని చెప్పవచ్చు.

విమర్శలు

ఈ చిత్రాలలో వస్తువుల ఖర్చు మొదటి విమర్శ. జర్మనీకి చెందిన స్టాబిలో సంస్థ 1971లో తెచ్చిన హైలైటర్ మొదలు జపాన్ లేత రంగుల కలాల వరకు ఒక్కొక్కటీ చదువుకు అత్యవసరమైనట్లు కనబడుతుంది. అనుచరులు ఎక్కువగా ఉన్న ఖాతాలకు కంపెనీలు వస్తువులు ఉచితంగా పంపడం, ప్రకటనలకు డబ్బు ఇవ్వడం మామూలే. పది రూపాయల బాల్‌పెన్నుతో చదివే విద్యార్థికి తన వద్ద ఏదో లోపించిందన్న భావన కలగడం దీని ఫలితం. సొంత గది, సొంత బల్ల ఉన్న ఇళ్ళు ఎన్ని అనే ప్రశ్న కూడా ఉన్నది. డార్క్ అకాడెమియా విషయంలో మరొక విమర్శ వచ్చింది. ఐరోపా సంపన్న విద్యాలయాల వాతావరణాన్నే విద్యకు ప్రతీకగా చూపుతూ ఇతర దేశాల విద్యాసంప్రదాయాలను విస్మరిస్తున్నదని పలువురు అన్నారు.

విమర్శల దరిమిలా కొందరు ఖాతాదారులు తమ రఫ్ కాగితాలను, తప్పిన పరీక్షల మార్కులను, సర్దని బల్లలను కూడా ఉంచడం ప్రారంభించారు. వీటికి వచ్చిన స్పందనలలో ఊరట ఎక్కువగా కనబడుతుంది. అయితే ఈ ఫొటోలలో కూడా వెలుతురు కిటికీ వైపు నుండే పడుతుంది. నలిపి పడేసిన కాగితాలు సైతం కాఫీ కప్పుకు తగిన దూరంలోనే ఉంటాయి.